విదేశీ కాన్ఫరెన్స్‌లో పేపర్ ప్రెజెంట్ చేయడం: వీసా, ఎన్‌ఓసీ, స్లైడ్లు (చర్చ)

డీఎం_రెండో_ఏడు:
నా అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) ఓరల్‌కి, అంటే వేదిక మీద మాట్లాడటానికి, సెలెక్ట్ అయింది. ఆగస్టు చివర్లో జర్మనీలోని మ్యూనిక్‌లో, కార్డియాలజీ కాన్ఫరెన్స్. స్టైపెండ్ తప్ప వేరే ఆదాయం లేదు. ముందు ఏ కాగితం పట్టుకోవాలి? పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఎంబీబీఎస్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే. ఇబ్బందా?

గుంటూరు_కార్డియో:
ఆ పొడి అక్షరంతో కొంప మునగదు. అసలు తిప్పలు వేరే చోట. అబ్‌స్ట్రాక్ట్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మనకు ఇంటిపేరు ముందు రాసే అలవాటు కాబట్టి తారుమారు చేసేస్తాం. ఇన్విటేషన్ లెటర్ ఆ తప్పుతోనే ప్రింటవుతుంది. పాస్‌పోర్టు, ఇన్విటేషన్, ఎన్‌ఓసీ (కాలేజీ ఇచ్చే నిరభ్యంతర పత్రం) మూడింట్లో ఒకే పేరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. తేడా ఉంటే కాన్ఫరెన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి మార్పించుకోండి.

ఇంకోటి: ప్రెజెంట్ చేసేవాళ్లు గడువులోగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టకపోతే సెలెక్టయిన అబ్‌స్ట్రాక్ట్‌ని కూడా కాన్ఫరెన్స్ జరిపే చాలా సొసైటీలు తీసేస్తాయి. ట్రైనీ రేటుకి హెచ్‌ఓడీ (విభాగాధిపతి) లెటర్ అడుగుతారు. కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకుని కట్టండి. చాలా కార్డులకు విదేశీ కరెన్సీ మీద 3.5 శాతం మార్కప్ (అదనపు ఛార్జి), దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 100 యూరోలకు 4.13 యూరోలు అదనం.

వీసా_ఫైలు:
షెంగెన్‌కి (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం కాబట్టి ఆ 15 రోజుల మాట మర్చిపోండి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ సర్వీస్ ఛార్జి వేరు. పాస్‌పోర్టు గత 10 ఏళ్లలో ఇచ్చినదై ఉండాలి, షెంగెన్ వదిలాక ఇంకా 3 నెలలు చెల్లాలి, 2 ఖాళీ పేజీలుండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ.

రిజెక్షన్లు ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి బ్యాంకు స్టేట్‌మెంట్. నెలనెలా స్టైపెండ్ పడే ఖాతాలో అప్లై చేసే వారం ముందు హఠాత్తుగా 4 లక్షలు కనిపిస్తే ఎవరికైనా అనుమానమే. నాన్నగారు ఖర్చు పెడుతుంటే ఆ డబ్బు మీ ఖాతాలో వేయొద్దు. ఆయన స్పాన్సర్ లెటర్, ఆయన స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్ జతచేయండి.

రెండోది ఎన్‌ఓసీ. 'మాకు అభ్యంతరం లేదు' అని ఒక్క ముక్క రాసిస్తే సరిపోదు. సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీకి, మళ్లీ డ్యూటీలో ఎప్పుడు చేరతారు, కోర్సు ఎప్పుడు పూర్తవుతుంది, ఖర్చు ఎవరిది, ఈ నాలుగూ ఉండాలి. 'తిరిగి వెళ్తారా' అన్న ప్రశ్నకు మీ దగ్గరున్న గట్టి జవాబు అదే. డ్రాఫ్ట్ మీరే టైప్ చేసి తీసుకెళ్లండి, ఆఫీసులో రాయించుకోవాలంటే వారాలు పడుతుంది.

కాన్ఫరెన్స్ 4 రోజులు పెట్టి పారిస్‌లో 6 రోజులు వేస్తే అసలు పని ఏదన్న ప్రశ్న వస్తుంది. రిజెక్ట్ అయితే జర్మనీ 2025 జులై నుంచి కాన్సులేట్‌కి అభ్యంతరం పెట్టుకునే పద్ధతి ఎత్తేసింది. ఇక కొత్త అప్లికేషన్, లేదంటే కోర్టు.

లెక్కల_మాస్టారు:
ప్రభుత్వ గ్రాంటు వస్తే టికెట్ సొంతంగా కొనేయకండి. ప్రభుత్వ ఖర్చుతో విమాన టికెట్ అంటే బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే ప్రభుత్వ సంస్థల ద్వారానే తీసుకోవాలి. సాంక్షన్ లెటర్ షరతులు చదివాకే బుక్ చేయండి. బోర్డింగ్ పాస్‌లు పారేయొద్దు. మీరు తిరిగొచ్చాకే గ్రాంటు డబ్బు చేతికి రావచ్చు, ముందు చేతి నుంచి పెట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

ఎకో_ల్యాబ్:
స్లైడ్ల విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. ఎకో (గుండె స్కాన్) ఇమేజ్ మీద పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఉంటాయి. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేస్తే తెర మీద కనబడవు, కానీ ఫైలులో అలాగే ఉంటాయి. ఎవరైనా క్రాప్ వెనక్కి లాగితే పేరు బయటపడుతుంది. కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి క్రాప్ చేసిన భాగాలను డిలీట్ చేయాలి. ఎక్సెల్ గ్రాఫ్ అయితే ఇంకా ప్రమాదం: ఎంబెడ్ చేసి పేస్ట్ చేస్తే మొత్తం వర్క్‌బుక్, అంటే మీ పేషెంట్ల జాబితా అంతా, ఆ గ్రాఫ్ వెనకే వెళ్తుంది. గ్రాఫ్‌ని పిక్చర్‌గా పేస్ట్ చేయండి.

వీడియో లూప్‌లు ఎంపీ4, హెచ్.264లో పెట్టండి. మ్యాక్‌లో తీసిన ఎంఓవీ అక్కడి విండోస్ మెషీన్‌లో నల్లగా నిలబడిపోవచ్చు. స్పీకర్ రెడీ రూమ్‌లో (స్లైడ్లు ముందుగా ఇచ్చే గది) అప్‌లోడ్ చేశాక ప్రతి వీడియో నొక్కి చూసుకోండి.

8 నిమిషాలిస్తే 8, 9 స్లైడ్లు చాలు. పరిచయానికి ఒక్కటే. అక్కడ సెషన్ నడిపే చెయిర్‌పర్సన్ అయినా, మన ప్రొఫెసర్ అయినా మొదట అడిగేది శాంపిల్ సైజు (ఎంతమంది పేషెంట్లను తీసుకున్నారు) గురించే. లెక్క చూపించే స్లైడు 'థాంక్యూ' తర్వాత దాచి ఉంచండి.

డీఎం_రెండో_ఏడు:
థాంక్స్ సార్, మేడమ్. మా జూనియర్‌కి పోస్టర్ వచ్చింది, ఫ్లెక్స్ మీద వేయించొచ్చా?

గుంటూరు_కార్డియో:
ఫ్లెక్స్ లైటుకి మెరుస్తుంది, మడిస్తే గీత పోదు. బట్ట మీద ప్రింట్ చేయించమనండి, మడిచి హ్యాండ్ బ్యాగులో పెట్టుకోవచ్చు. పోస్టర్ సైజు ఏ0 అంటే 84.1 × 118.9 సెంటీమీటర్లు, కానీ నిలువా అడ్డమా అన్నది మెయిల్‌లో చూడాలి. బోర్డు నిలువుగా ఉంటే అడ్డం పోస్టర్ చెవులు బయటికి వేలాడతాయి.

ఎకో_ల్యాబ్:
లేజర్ పాయింటర్ కొనకండి, ఎల్‌ఈడీ తెర మీద చుక్క కనబడదు, మౌస్‌తో చూపించాలి. ఆ డబ్బుతో ప్లగ్ అడాప్టర్ కొనండి. ఫోన్ రెండు పిన్నుల ఛార్జర్ పడుతుంది గానీ ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్ జర్మనీ సాకెట్‌లో దూరదు.