ఖాళీ అరీనాలో రాక్ బ్యాండ్ పూర్తి రిహార్సల్: చూశాక మిగిలిన సందేహాలు

ఆరో_తీగ (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. ఒక రాక్ బ్యాండ్ సుదీర్ఘమైన టూర్‌కు బయలుదేరే ముందు, పెద్ద ఇండోర్ అరీనాను అద్దెకు తీసుకుని, లైట్లు, వీడియో తెరలు, కదిలే వేదిక అన్నీ బిగించి, మొదటి పాట నుంచి చివరి పాట వరకు చేసిన రిహార్సల్‌ను చూసే అవకాశం ఈ మధ్య నాకు దొరికింది. బ్యాండ్ పేరు గానీ పాటల వరుస గానీ బయటపెట్టనని మాట ఇచ్చాను కాబట్టి ఆ వివరాలు అడగవద్దని మనవి. కచేరీలు బాగానే చూసినవాడిని అయినా, అక్కడ కనిపించినవాటిలో కొన్ని నాకు అంతుపట్టలేదు.

మొదటిది ధ్వని. నేను సౌండ్ ఇంజినీరు పనిచేసే మిక్సింగ్ డెస్క్‌కు కాస్త వెనుక కూర్చున్నాను. డ్రమ్మర్ స్నేర్ అనే డ్రమ్మును ఒంటరిగా కొట్టి చూసుకుంటున్నప్పుడు ప్రతి దెబ్బా ముందు వేదిక నుంచి ఒకసారి, నా వీపు వెనుక గోడ నుంచి మరోసారి వినిపించింది. బ్యాండ్ అంతా కలిసి వాయించినప్పుడు బేస్ గిటార్ స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి హోరుగా మారాయి. ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన స్పీకర్లు ఇలా వినిపిస్తే సౌండ్ ఇంజినీరు ఎందుకు కంగారు పడలేదు?

రెండవది, గాయకుడు చాలా పాటలను సగం గొంతుతోనే పాడాడు. పైస్థాయి స్వరాలు వచ్చేచోట కొన్నిసార్లు మాటలను ఊరికే పలికి వదిలేశాడు. పూర్తి ప్రదర్శనను ఒకసారి నడిపాక మళ్లీ మొదలుపెట్టినప్పుడు, పాటలను మధ్యలోనే తుంచేసి, ఒక పాట చివరి నాలుగు వరుసలు, తర్వాతి పాట మొదటి నాలుగు వరుసలు మాత్రమే పదే పదే చేయించారు. పాటలను సాధన చేయవలసినవాళ్లు పాటలనే ఎందుకు వదిలేస్తున్నారు?

మూడవది కొంచెం నవ్వు తెప్పించే విషయం. ఒక్క మనిషి కూడా లేని పై గ్యాలరీల వైపు చూస్తూ గాయకుడు వేదిక నుంచి ముందుకు చొచ్చుకొచ్చిన ర్యాంప్ చివరి దాకా పరుగెత్తి చేతులు ఊపాడు, ఖాళీ కుర్చీలకు కుశలప్రశ్నలు వేశాడు. ఇది అలవాటా, అవసరమా? ఈ రంగంలో పనిచేసినవారు ఎవరైనా వివరిస్తే సంతోషిస్తాను. ఇదంతా ముందే చూసేసినందువల్ల అసలు కచేరీలో నాకు రుచి తగ్గుతుందేమోనన్న చిన్న దిగులు కూడా ఉంది.

డెస్క్_వెనుక

ఆరో_తీగ గారూ, మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. చాలా ఏళ్లుగా నా పని అదే.

హాలులో మారుమోతను తగ్గించే వస్తువులలో ముఖ్యమైనది మనిషి శరీరం, దాని మీది బట్టలు. వాలెస్ సేబిన్ అనే భౌతికశాస్త్రవేత్త 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాస మందిరంలో మాటలు సరిగా వినిపించడం లేదని పరిశీలన మొదలుపెట్టి, పక్కనున్న థియేటర్ నుంచి కుర్చీ మెత్తలను రాత్రివేళ మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత త్వరగా అణిగిపోతుందో కొలిచాడు. ఒక మనిషి ఇంచుమించు ఆరు మెత్తలంత శబ్దాన్ని పీల్చుకుంటాడని ఆయన లెక్క తేలింది. ఇప్పుడు మీరు చూసిన అరీనాలో లేని వేలమందిని ఈ లెక్కన ఊహించుకోండి. కుర్చీలు గట్టి ప్లాస్టిక్‌వి అయితే తేడా మరీ ఎక్కువ. మెత్తటి కుర్చీలైతే ఖాళీగా ఉన్నా కొంత పని అవే చేస్తాయి. కొన్నిచోట్ల పై గ్యాలరీల ముందు దళసరి నల్ల తెరలు దించేది కూడా కొంతవరకు ఇందుకోసమే.

వీపు వెనుక వినిపించిన రెండో దెబ్బ సంగతి వేరు. అది మారుమోత కాదు, విడిగా తిరిగొచ్చిన ప్రతిధ్వని. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదిక నుంచి వెనుక గోడ 80 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఆ దెబ్బ గోడను తాకి మళ్లీ వేదిక దగ్గరికి రావడానికి దాదాపు 0.47 సెకన్లు పడుతుంది. నిమిషానికి 120 తాళాలు పడే పాటలో ఒక్కో తాళం అర సెకను. అంటే వెళ్లిన దెబ్బ తిరిగొచ్చేసరికి తర్వాతి తాళం పడబోతూ ఉంటుంది. ఆ వేగంలో చెవి దాన్ని కొంతవరకు క్షమిస్తుంది. పాట వేగం కాస్త మారిందంటే తిరిగొచ్చిన దెబ్బ రెండు తాళాల మధ్య ఇరుక్కుని మొత్తం లయనే బురదగా చేస్తుంది. వాయించేవాళ్లు తమ సంగీతాన్ని నేరుగా వినిపించే ఇయర్ మానిటర్లు చెవులలో పెట్టుకుని ఉంటారు కనుక ఈ గొడవ వారికి చాలావరకు చేరదు.

బేస్ విషయంలో మాత్రం మీకు ఒక మాట చెప్పాలి: జనం వచ్చినా అది పూర్తిగా సర్దుకోదు. మనుషులు మధ్యస్థాయి, పైస్థాయి శబ్దాలను బాగా పీల్చుకుంటారు గానీ మంద్రస్థాయిని అంతగా పీల్చుకోలేరు. అందుకే కచేరీ రాత్రి గొంతు, గిటార్లు స్పష్టంగా వినిపిస్తున్నా అడుగున ఆ హోరు కొంత మిగిలే ఉంటుంది. దానికి స్పీకర్ల అమరికలోనే జాగ్రత్త పడాలి.

ఇక ఇంజినీరు కంగారు పడకపోవడానికి కారణం, ఆ రోజు ఆయన చెవికి వినిపిస్తున్నదానిని తుది రూపంగా తీసుకోకపోవడమే. ఖాళీ హాలు మోతను చూసి పైస్థాయిని కోసేస్తే, నిండిన హాలులో ఆ పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. కాబట్టి ఆయన చూసుకునేది వేరు: ఏ పాటలో ఏ గొంతు ముందుండాలి, సోలో రాగానే ఏ ఫేడర్ (శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) లేవాలి, ఏ మైకు ఎప్పుడు మూయాలి అన్నవి. ప్రతి వాయిద్యాన్నీ విడివిడిగా రికార్డు చేసుకుంటారు. బ్యాండ్ భోజనానికి వెళ్లాక అదే రికార్డింగును అదే డెస్క్ గుండా మళ్లీ నడిపి సరిదిద్దుకుంటారు. దీనిని మేము వర్చువల్ సౌండ్‌చెక్ అంటాం. వేదిక మీద ఎవరూ లేకుండానే బ్యాండ్ వాయిస్తున్నట్టు వినిపించడం మీరు గమనించి ఉంటే అది ఇదే.

నల్ల_చొక్కా

పై మిత్రులు ధ్వని గురించి చెప్పారు. నేను వేదిక పనివాడిని కాబట్టి మిగతా రెండింటికీ జవాబు నాది.

పాటలు బ్యాండ్‌కు ఎప్పుడో వచ్చు. ఒక చిన్న గదిలో లైట్లూ తెరలూ లేకుండా వారాల తరబడి వాయించి, ఆ తర్వాతే అరీనాకు వస్తారు. అరీనాలో సాధన చేయవలసినవాళ్లు మేము. పాట నడుస్తున్నంతసేపు మాకు పెద్దగా ప్రమాదం లేదు. పాట ముగిసి లైట్లు ఆరిన ఆ కొన్ని క్షణాలలోనే అన్నీ జరగాలి: గిటార్ టెక్నీషియన్ చీకట్లో పరుగెత్తుకొచ్చి వేరే శ్రుతిలో ఉన్న గిటార్‌ను అందించాలి, డ్రమ్స్ ఉన్న చిన్న వేదిక వెనక్కి జరగాలి, పైన వేలాడే లైట్ల ట్రస్ (లైట్లు బిగించిన లోహపు చట్రం) దిగాలి, గాయకుడు నేల మీద అంటించిన మెరిసే టేపు గుర్తు దగ్గరికి చేరాలి. ట్రస్ దిగే దారిలో మనిషి ఉండకూడదు కదా! దానిని కదిలించే ఆపరేటర్ చేతిలో ఒక మీట ఉంటుంది. నొక్కి పట్టుకున్నంతసేపే కదలిక, వదిలితే ఎక్కడిది అక్కడే ఆగిపోతుంది. వేదిక మూలల్లో నిలబడి కళ్లు తిప్పకుండా చూసే మనుషులకు అత్యవసరంగా ఆపే మీటలు వేరే ఉంటాయి. మీరు చూసిన 'చివరి నాలుగు వరుసలు, మొదటి నాలుగు వరుసలు' అనే తంతుకు నాటకరంగం నుంచి వచ్చిన పేరు క్యూ-టు-క్యూ. పాట మధ్యభాగంలో మారేది ఏమీ లేనప్పుడు దానిని వాయించడం అందరి సమయమూ వృథా.

చాలా బ్యాండ్లలో ఇప్పుడు లైట్లు, వీడియో ఒక టైమ్‌కోడ్‌ను అనుసరించి నడుస్తాయి. డ్రమ్మర్ చెవిలో పాట వేగాన్ని చూపే క్లిక్ మోగుతూ ఉంటుంది, దానితోపాటే గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేముల లెక్క లైట్ల డెస్క్‌కు చేరుతూ ఉంటుంది. అలా కట్టిపడేసుకోవడం ఇష్టంలేని బ్యాండ్లూ ఉన్నాయి. అలాంటివారితో పనిచేసే లైట్ల ఆపరేటర్ ప్రతి మార్పునూ పాట వింటూ తన వేలితోనే నొక్కాలి. నా దృష్టిలో అసలైన వాయిద్యకారుడు అతనే, ఎవరేమనుకున్నా సరే.

గాయకుడు ఖాళీ గ్యాలరీకి చేతులు ఊపడం అవసరమే. అతను ర్యాంప్ చివరికి వెళ్లినప్పుడు పై నుంచి ఫాలో స్పాట్ (మనిషి వెంట తిప్పే లైటు) వేసేవాళ్లు అతన్ని పట్టుకోగలుగుతున్నారా, కెమెరా ముందు అతని ముఖం ఏ కోణంలో పడుతోంది, అంత దూరంలో వైర్‌లెస్ మైకు, ఇయర్ మానిటర్ల సిగ్నల్ తెగకుండా అందుతోందా, పెద్ద స్పీకర్ల ముందుకు మైకుతో నడిచినప్పుడు కీచుమంటోందా అన్నవన్నీ అతను నిజంగా పరుగెత్తితేనే తెలుస్తాయి. నడిచి చూపిస్తే చాలదు, ఎందుకంటే పరుగెత్తే మనిషి వెంట స్పాట్ తిప్పడం వేరే పని. అదే సమయంలో మాలో ఎవరో ఒకరు పై వరుస చివరి కుర్చీలో కూర్చుని, అక్కడి నుంచి వీడియో తెరకు స్పీకర్ల వరుస అడ్డం వస్తోందేమో చూస్తూ ఉంటారు. అడ్డం వస్తే స్పీకర్లయినా జరగాలి, లేదా ఆ కుర్చీ టికెట్టయినా అమ్మకుండా ఆపాలి.

ఇంత పని కోసమే కట్టిన చోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో లిటిట్జ్ అనే చిన్న పట్టణంలో ధ్వని పరికరాల క్లెయిర్ సంస్థ, వేదికలు తయారుచేసే టేట్ సంస్థ ఉన్నాయి. అక్కడి రాక్ లిటిట్జ్ ప్రాంగణంలో 2014లో తెరిచిన రిహార్సల్ స్టూడియో ఎత్తు దాదాపు 100 అడుగులు. అరీనా పైకప్పుకు వేలాడదీయవలసినదంతా అక్కడ వేలాడదీసి చూసుకోవచ్చు. అయితే అక్కడ గ్యాలరీ కుర్చీలు ఉండవు. చివరి వరుస నుంచి చూడాలంటే అరీనాకు రావలసిందే.

పాత_క్యాసెట్

సగం గొంతు విషయం ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను అందుకుంటాను. దానిని మార్కింగ్ అంటారు. ఒపేరా గాయకులు ఎంతోకాలంగా చేస్తున్న పనే. రోజంతా ఆగుతూ, మొదలుపెడుతూ సాగే రిహార్సల్‌లో ప్రతిసారీ పూర్తి గొంతు విప్పితే టూర్ మొదటి రాత్రికి గొంతే మిగలదు. 2009లో మైకేల్ జాక్సన్ లండన్ కచేరీల కోసం లాస్ ఏంజెలెస్‌లో చేసిన రిహార్సల్స్ ఆయన మరణానంతరం సినిమాగా వచ్చాయి. ఆయనది రాక్ బ్యాండ్ కాకపోయినా, గొంతు దాచుకుంటున్న గాయకుడు ఎలా ఉంటాడో, ఒక పాటలో మైమరచి పూర్తి గొంతు విప్పేసి తనను తానే ఎలా మందలించుకుంటాడో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఖాళీ స్థలంలో వాయించడం అనగానే చాలామంది పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ 1971 అక్టోబరులో ఇటలీలోని పాంపే శిథిలాలలో ఉన్న ప్రాచీన ఆంఫీథియేటర్‌లో చిత్రీకరించిన ప్రదర్శనను తలుచుకుంటారు. అది రిహార్సల్ కాదని గుర్తుంచుకోవాలి. ఆ ఖాళీ కెమెరా కోసం కావాలని ఎంచుకున్న ఖాళీ. ఎదుట జనం లేకపోయినా వారు పూర్తి మనసుతో, పూర్తి శక్తితో వాయించారు. మీరు చూసినది దానికి సరిగ్గా వ్యతిరేకం: జనం ఉన్నారనుకుని చేస్తున్న పని, కాని శక్తి దాచుకుని. యూటూ బ్యాండ్ జూ టీవీ టూర్‌కు ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో రిహార్సల్ చేసి, 1992 ఫిబ్రవరి 29న అదే అరీనాలో మొదటి కచేరీ ఇచ్చింది. రిహార్సల్ చేసిన హాలులోనే తొలి ప్రదర్శన పెట్టుకోవడంలో సుఖం ఏమిటంటే, బిగించినదానిని విప్పి లారీలకు ఎక్కించే తొలి పరీక్ష జనం చూశాక వస్తుంది.

రుచి తగ్గుతుందా అన్న మీ దిగులు విషయంలో నేను మిమ్మల్ని ఊరడించలేను. నా మట్టుకు తగ్గింది. చీకట్లో ఎవరు ఎటు పరుగెడుతున్నారో తెలిశాక నా కన్ను గాయకుడి మీద నిలవడం మానేసింది.

డెస్క్_వెనుక

పాత_క్యాసెట్ గారితో నేను ఏకీభవించను. ఖాళీ హాలులో వాయిద్యకారుల చెవుల్లోకి రానిది ఒకటి ఉంది: జనం. వేదిక అంచున జనం వైపు తిప్పి పెట్టిన మైకుల నుంచి వచ్చే కేకలను ఇయర్ మానిటర్లలో కలిపి వినిపిస్తారు. లేకపోతే చెవులు మూసుకున్న వాయిద్యకారులకు తాము గాజు గదిలో ఉన్నట్టు అనిపిస్తుంది. రిహార్సల్‌లో ఆ మైకులలో ఏసీ మోత తప్ప ఏమీ ఉండదు. మొదటి కచేరీలో ఆ కేకలు చెవిలో పడగానే, క్లిక్‌కు కట్టుబడని పాటలలో డ్రమ్మర్ వేగం పెరగడం నేను డెస్క్ దగ్గర నుంచి ఎన్నోసార్లు విన్నాను. ఆరో_తీగ గారూ, మీరు పాటల అసలు వేగం విని ఉన్నారు కాబట్టి ఆ తేడా మీకు మిగతావారికంటే బాగా తెలుస్తుంది. తప్పకుండా వెళ్లండి.

ఆరో_తీగ

అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. గాయకుడు ఖాళీ కుర్చీలకు వేసిన కుశలప్రశ్నలు కూడా రెండుసార్లూ ఇంచుమించు అవే మాటలు. పరుగు సంగతి అర్థమైంది. మాటలు కూడా సాధన చేయాలా?

నల్ల_చొక్కా

మాటలు కాదు, వాటికి పట్టే సమయం. ఆ పలకరింపు నడుస్తున్నప్పుడు అతని వెనుక బేస్ గిటార్ మారిందో, కీబోర్డు వాద్యకారుడు ర్యాంప్ కింది దారిలో చిన్న వేదికకు వెళ్తున్నాడో గుర్తుచేసుకోండి. ఆయన అక్కడికి చేరి ఇయర్ మానిటర్ సరిచూసుకుని, చెయ్యి ఎత్తే దాకా గాయకుడు మాట్లాడుతూనే ఉండాలి. మీరు చూసిన రోజున రెండోసారి పలకరింపు కాస్త సాగినట్టు అనిపించి ఉంటే, ఆ చెయ్యి ఇంకా లేవలేదన్నమాట.