సమస్య: "పాలు గారు కొమ్మ ప్రాణహరము"

సంచాలకుడు: మరుగుజ్జు అల్లమండ పొదను కత్తిరిస్తుంటే తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. కొమ్మను రెమ్మంటారో, పడతి అంటారో మీ ఇష్టం.

యతిభిక్షువు:
విషముఁ బూసి చన్ను వెన్నున కందించి
చచ్చెఁ బూతన, యది సాక్షి గాదె
పల్లెలోని శిశుల పాలిటి మృత్యువు
పాలు గారు కొమ్మ ప్రాణహరము

వనపాలుడు:
పసుపు గంట లట్లు పలుపూలు పూచెడి
యల్లమండఁ జూచి యాశ పడకు;
గిల్లి నోట నిడినఁ గడుపంత కలఁచును;
పాలు గారు కొమ్మ ప్రాణహరము

గణపరీక్షకుడు: భిక్షువు గారూ, పాదం చూడగానే పూతన వస్తుందనుకున్నాను, వచ్చింది. నడక బాగుంది. వనపాలుడు గారూ, మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన జత, గి–గ. హల్లు ఒకటే గానీ ఇకారానికీ అకారానికీ ఎక్కడ పొసిగింది? "కాడ నోట నిడినఁ" అనండి, నిలుస్తుంది.

యతిభిక్షువు: యతి దిద్దుకోవచ్చు, మొక్కనెలా దిద్దుతారు? 1771లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అల్లమండకు "కెథార్టికా" అని పేరు పెట్టిందే భేదిమందని. పాలు తగిలితే దురద, మింగితే వాంతులు, విరేచనాలు. ప్రాణం మీదికి తెచ్చేది పచ్చ గన్నేరు. గింజల్లోని థెవెటిన్ అనే విషం గుండెను పట్టేస్తుంది. ఒకే కుటుంబం, రెండింటికీ పాలే. కానీ పచ్చ గన్నేరు ఆకు సన్నగా కణుపుకొకటి, అల్లమండకు కణుపు చుట్టూ మూడు నాలుగు. పోయిన నెల పసుపు పూల సమస్యకూ ఈయనది ఇదే పొరపాటు. అప్పుడు భేష్ అన్నవారు ఇక్కడే ఉన్నారు.

వనపాలుడు: యతి ఒప్పుకున్నాను. మరి మీ పూతన వల్ల వెన్నుడి ప్రాణం పోయిందా? తనదే పోయింది.

గోదావరి గట్టు:
కోసి కడిగి యార్చి గుచ్చు మిసుకలోన
నల్లమండ తునుక నదను సూచి;
తడిగఁ బాతితేని దక్కదు చిగురైన;
పాలు గారు, కొమ్మ ప్రాణహరము

విరుపు చూడండి. ఇక్కడ పోయేది కొమ్మ ప్రాణమే. జానెడు లోపు, మూడు నాలుగు కణుపులున్న, మరీ లేతా ముదురూ కాని రెమ్మ తీసుకుని కణుపు కింద కొయ్యాలి. కింది ఆకులు తీసి, పాలు ఆగేదాకా నీళ్ళలో ఉంచి, గంటో రెండు గంటలో నీడన ఆరనివ్వాలి. ఇసుక, కొబ్బరిపొట్టు సమానంగా కలిపి గుచ్చితే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్ళు.

గణపరీక్షకుడు: విరుపుకి దండం. కానీ "కొమ్మ ప్రాణహరము" వైరి సమాసం, అంటే తెలుగు మాటకు సంస్కృత పదం అతికించిన తప్పు, కాదూ? పైగా చంపేది పాలు కాదు, నీరు నిలిచిన మట్టిలో పట్టే కుళ్ళు.

గోదావరి గట్టు: సమాసమే కాదు. "కొమ్మ" షష్ఠీ విభక్తిలోనూ ("కొమ్మ యొక్క" అనే అర్థంలోనూ) కొమ్మే, "కొమ్మ చివర" అన్నట్టు. ఇక పాలు కారుతున్నాయంటే గాయం ఆరలేదని గుర్తు. కుళ్ళు దూరేది అక్కడే.

యతిభిక్షువు: ఒప్పుకోక తప్పదు. వనపాలుడు గారు మాత్రం ఆ పాత పూరణలో శ్రావణంలో పొద కత్తిరించమన్నారు. పూలు కొత్త చిగుళ్ళ మీదే వస్తాయి. నిండు పూతలో నరికితే మొగ్గలన్నీ చెత్తకుప్పకే. చలి తగ్గాక, ఫిబ్రవరిలో చెయ్యాలి. నత్రజని ఎక్కువేస్తే ఆకులే. సున్నపు నేలలో ఈనెలు పచ్చగా ఉండి ఆకు పాలిపోతే ఇనుము అందక. చీలేటెడ్ ఇనుము, అంటే మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలోని ఇనుము, చల్లాలి.

వనపాలుడు: అది ప్రాసకోసం పడ్డ శ్రావణం లెండి.

సంచాలకుడు: ఈ వారం గట్టు గారిదే. వనపాలుడు గారూ, దిద్దిన పద్యం పెట్టండి.

వనపాలుడు: పెట్టాను. "కాడ" పరీక్షకుల వారిది, తక్కినది నాదే.