చర్చ: వర్క్ పర్మిట్లు ట్యాబ్‌లోకి మారితే ప్రమాదాలు తగ్గుతాయా?

సాల్వెంట్‌యార్డ్ (శనివారం, రాత్రి 9:10)
మాది బల్క్ డ్రగ్ యూనిట్, అంటే మందుల ముడిసరుకు తయారీ. వచ్చే నెల నుంచి సేఫ్టీ అంతా సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తున్నారు. హాట్ వర్క్ (నిప్పురవ్వలు వచ్చే పని), వెసెల్ ఎంట్రీ (ట్యాంకు, రియాక్టర్ లోపలికి దిగడం), ఎత్తులో పని, లైన్ (పైపు) విప్పడం, ఇలాంటి ప్రమాదకరమైన పనులకు ముందు ఇచ్చే అనుమతి పత్రాలు, అంటే పర్మిట్లు, అన్నీ ట్యాబ్‌లోనే. నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టులు, ట్రైనింగ్ రికార్డులు, రిలీఫ్ వాల్వుల (ప్రెజర్ పెరిగితే వదిలేవి) టెస్టు తేదీలు కూడా అందులోకే వెళ్తాయి. డెమో చూశాను, బాగానే ఉంది. కానీ మా ఫోర్‌మన్ ఒక మాట అన్నాడు: "పుస్తకం నింపే వంకతోనైనా ఇన్నాళ్లూ జాబ్ దగ్గరికి పోయేవాళ్లం, రేపట్నుంచి అదీ ఉండదు." ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఎల్లోహెల్మెట్ (9:24)
మా దగ్గర రెండేళ్లయింది. మళ్లీ పుస్తకాలు రాయమంటే ఉద్యోగం మానేస్తా.

రూల్‌బుక్ (9:51)
నేను 19 ఏళ్లుగా సేఫ్టీలో ఉన్నాను. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు. పైపర్ ఆల్ఫా సంగతి ఒక్కటి చూడండి. 1988 జులై 6, ఉత్తర సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫామ్. ఒక కండెన్సేట్ పంపు రిలీఫ్ వాల్వు విప్పి, ఆ చోట బ్లైండ్ ఫ్లాంజ్ (పైపు మూసే మూత) పెట్టారు. ఆ వాల్వు పర్మిట్ ఒక చోట, పంపు మెయింటెనెన్స్ పర్మిట్ ఇంకో చోట ఉన్నాయి. రాత్రి రెండో పంపు ట్రిప్ అయి ఆగిపోతే, మొదటి దానికి వాల్వు లేదన్న సంగతి తెలియక స్టార్ట్ చేశారు. 167 మంది పోయారు. అదే సాఫ్ట్‌వేర్‌లో అయితే పంపు నంబర్ కొట్టగానే రెండు పర్మిట్లూ పక్కపక్కన ఎర్రగా కనిపిస్తాయి.

ఇక మన పుస్తకాల సంగతి. ఏ ప్లాంటుకైనా వెళ్లి వెసెల్ ఎంట్రీ రిజిస్టర్ తీయండి. ఆక్సిజన్ 20.9 (మామూలు గాలిలో ఉండే శాతం), 20.9, 20.9, ఆరు నెలలూ అదే. నేను ఒకచోట చూశాను: గ్యాస్ డిటెక్టర్ కాలిబ్రేషన్‌కి వేరే ఊరు పోయిన వారంలో కూడా 20.9!

సీషిఫ్ట్ (10:20)
రూల్‌బుక్ గారూ, ఒకే ఒక్క ప్రశ్న. సాల్వెంట్ ఏరియాలోకి మీరు ఏ ట్యాబ్ తీసుకెళ్తారు?

రూల్‌బుక్ (10:26)
పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అప్రూవల్ ఉన్న, జోన్ 1కి, అంటే మండే ఆవిరి ఉండే చోటికి, పనికొచ్చే ట్యాబ్. మార్కెట్లో దొరుకుతుంది.

సీషిఫ్ట్ (10:33)
దొరుకుతుంది. ధర కూడా చెప్పండి.

రూల్‌బుక్ (10:35)
ధర సేఫ్టీ కంటే ఎక్కువ కాదు.

సీషిఫ్ట్ (10:58)
ఆ మాట మా కొనుగోళ్ల డిపార్ట్‌మెంటుకు చెప్పండి. మా బ్లాకుకి నాలుగు కొన్నారు. ఒకటి కింద పడి అద్దం పగిలింది, ఒకటి ఛార్జింగ్ ఎక్కదు, ఒకటి క్వాలిటీవాళ్లు తీసుకెళ్లి మళ్లీ ఇవ్వలేదు. మిగిలింది కంట్రోల్ రూమ్‌లో టేబుల్ మీద ఉంది. రియాక్టర్ మూడో ఫ్లోర్‌లో, ట్యాబ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో. పర్మిట్ ఎక్కడ నింపుతారో మీరే చెప్పండి. 20.9 ఇప్పుడు కూడా 20.9 అనే కొడుతున్నారు సార్. కాకపోతే అక్షరాలు గుండ్రంగా వస్తున్నాయి.

హోల్‌వాచర్ (11:02)
😂 గుండ్రంగా

కోడ్‌కూలీ (11:15)
ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో నేనొకడిని, హైదరాబాద్‌లో. 20.9 సమస్యకు దారి ఉంది. డిటెక్టర్‌ని బ్లూటూత్‌తో కలిపితే రీడింగ్ నేరుగా పర్మిట్‌లో పడుతుంది, చేత్తో కొట్టే వీలే ఉండదు. 19.5 కంటే తగ్గితే పర్మిట్ ఇష్యూ కాదు.

సీషిఫ్ట్ (11:40)
తమ్ముడూ, ఎప్పుడైనా రియాక్టర్ మ్యాన్‌హోల్ దగ్గర నిలబడ్డావా? డిటెక్టర్‌ని మూత దగ్గర పట్టుకుంటే బయటి గాలి తగిలి 20.9 చూపిస్తుంది. ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్), టోలీన్ లాంటి సాల్వెంట్ల ఆవిరి గాలికంటే బరువు, అడుగున కూర్చుంటుంది. లోపల నింపిన నైట్రోజన్ పూర్తిగా పోకపోతే రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు, వాసన కూడా ఉండదు. అందుకే శాంప్లింగ్ గొట్టం పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల దించి, ప్రతిచోటా ఆగి చూడాలి. గొట్టం ఎంత లోపలికి దించారో మీ బ్లూటూత్‌కి తెలుస్తుందా?

ఎల్‌జీ పాలిమర్స్ గుర్తుందిగా. 2020 మే 7, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం గ్యాస్ లీక్. ఆ స్టైరిన్ ట్యాంకుకి ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున ఉంది, పైన లేదు. అడుగున చల్లగానే ఉంది. వేడెక్కింది పైభాగం. రీడింగ్ తప్పు కాదు, కొలిచిన చోటు తప్పు. ఆ రీడింగ్‌ని మీ డాష్‌బోర్డ్‌లో పెట్టినా పచ్చగానే ఉండేది.

కోడ్‌కూలీ (11:52)
గొట్టం సంగతి ఒప్పుకుంటున్నా. మూడు లెవెల్స్‌కి మూడు గడులు పెట్టాం. మూడూ ఒకే నిమిషంలో నింపుతున్నారు.

జుబైల్‌బస్ (ఆదివారం, ఉదయం 6:05)
సౌదీలో షట్‌డౌన్ పనుల (ప్లాంటు ఆపి చేసే రిపేర్లు) మీద ఏడేళ్లున్నా. అక్కడ నేను చేసిన చోట్ల కాగితమా, కంప్యూటరా అన్నది ఎవరూ పట్టించుకోరు. పర్మిట్ ఇష్యూ చేసేవాడు, తీసుకునేవాడు ఇద్దరూ కలిసి జాబ్ దగ్గరికి నడవాలి. ఆ ఎండలో, అంతే. మీ గొడవ అంతా ఆ నడక గురించే అనిపిస్తోంది.

రూల్‌బుక్ (8:30)
సీషిఫ్ట్ గారు ఎంతసేపూ ట్యాబ్ చుట్టూనే తిరుగుతున్నారు. ట్యాబ్ పగలడం సాఫ్ట్‌వేర్ తప్పా? గొట్టం దించకపోవడం సాఫ్ట్‌వేర్ తప్పా? అది షిఫ్ట్ ఇన్‌చార్జి చేయాల్సిన పని. చెక్‌లిస్ట్ చదవకుండా ఎస్, ఎస్, ఎస్ నొక్కేసి, తర్వాత సాఫ్ట్‌వేర్ దండగ అంటారు. నిజానికి మీకు సాఫ్ట్‌వేర్ అంటే భయం లేదు, ఏ టైమ్‌కి ఏం చేశారో రికార్డు అవుతుందని భయం.

ఎల్లోహెల్మెట్ (8:41)
ఇదీ పాయింట్.

సీషిఫ్ట్ (9:17)
ఏసీ గదిలో కూర్చుని టైమ్ స్టాంపులు లెక్కపెట్టేవాళ్లకు అలాగే అనిపిస్తుంది లెండి. రాత్రి రెండింటికి ఒక్క సేఫ్టీ ఆఫీసర్‌నైనా బ్లాకులో చూశానా? జనరల్ షిఫ్ట్ సేఫ్టీ. మార్చి 4న, జాతీయ భద్రతా దినం రోజు, బ్యాడ్జీలు, క్విజ్ పోటీలు, స్టీలు డబ్బా బహుమతులు.

రూల్‌బుక్ (9:25)
మీలాంటి ఇన్‌చార్జిల వల్లే మనుషులు పోతున్నారు. చెప్పక తప్పడం లేదు.

నిర్వాహకుడు (9:40)
ఇద్దరికీ హెచ్చరిక. వ్యక్తిగతం వద్దు.

కోడ్‌కూలీ (10:10)
మధ్యలో నేనొకటి చెప్తా, తిట్టినా ఫర్వాలేదు. "పాత పర్మిట్ కాపీ" అనే బటన్ మొదట్లో మేం పెట్టలేదు. అది లేకపోతే కొనం అన్నారు, పెట్టాం. ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నొక్కేది దాన్నే. ఒకచోట 23 ప్రశ్నల చెక్‌లిస్ట్ 38 సెకన్లలో పూర్తయింది. అలాంటివి పట్టుకునే రిపోర్టు కూడా తయారు చేసి ఇచ్చాం. దాన్ని ఎవరూ తెరవలేదు. తెరవలేదన్న సంగతీ లాగ్‌లో ఉంది.

సీషిఫ్ట్ (11:36)
రికార్డంటే భయమా అన్నారు కదా. అవును, భయమే. ఎందుకో వినండి.

మా దగ్గర షిఫ్టుకు ఒకటే లాగిన్ ఇచ్చారు, అది ఇన్‌చార్జి పేరు మీద. రాత్రి ఒకేసారి నాలుగు జాబులు నడుస్తాయి. నేను సెంట్రిఫ్యూజ్ దగ్గర ఉంటే కింద కాస్టిక్ (ఒళ్లు కాల్చే సోడా ద్రావణం) లైన్ విప్పడానికి పర్మిట్ కావాలి. నేను దిగి వచ్చేదాకా ఆగరు, బ్యాచ్ ఆగితే పొద్దున్నే ఫోన్లు. పాస్‌వర్డ్ కంట్రోల్ రూమ్ టేబుల్ అద్దం కింద చీటీ మీద రాసి ఉండేది. మేనేజర్‌కి తెలుసు, సేఫ్టీవాళ్లకీ తెలుసు. ఒకరోజు రాత్రి 2:47కి నా పేరు మీద పర్మిట్ ఇష్యూ అయింది. లైన్‌లో ప్రెజర్ దింపలేదు. ఫ్లాంజ్ వదులు చేయగానే కాస్టిక్ చిమ్మి ఒక పిల్లవాడి కాలు, నడుము కాలాయి. ఆ టైమ్‌కి నేను టాప్ ఫ్లోర్‌లో ఉన్నానని నలుగురు చెప్పారు. సిస్టమ్ మాత్రం నా పేరే చెప్పింది.

నెల రోజులు సస్పెన్షన్, ఇంక్రిమెంట్ కట్. సాఫ్ట్‌వేర్‌లో ఇలా ఉంది. మూలకారణం: షిఫ్ట్ ఇన్‌చార్జి నిర్లక్ష్యం. చర్య: షిఫ్ట్ ఇన్‌చార్జికి మళ్లీ ట్రైనింగ్. స్థితి: క్లోజ్డ్. పచ్చ రంగు. ఆ లైన్‌కి డ్రెయిన్ పాయింట్ లేదని నేను అంతకు ముందే రెండుసార్లు చెప్పాను, అది ఏ గడిలోనూ లేదు. ఇప్పటికీ డ్రెయిన్ పెట్టలేదు.

హోల్‌వాచర్ (11:44)
ఆ కుర్రాడు ఎలా ఉన్నాడన్నా?

సీషిఫ్ట్ (11:50)
నడుస్తున్నాడు. ఊరెళ్లిపోయాడు, గంజాం వైపు.

రూల్‌బుక్ (మధ్యాహ్నం 1:20)
పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పాస్‌వర్డ్ చీటీ మీద రాయడం తప్పు, అది కూడా చెప్తున్నా.

నా సంగతీ వినండి, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రేకుల కప్పు మీద లీకులు చూడ్డానికి ఒక మనిషి ఎక్కాడు. రేకు విరిగి పడ్డాడు, దారిలోనే పోయాడు. పర్మిట్ లేదు, బెల్టు లేదు, క్రాలింగ్ బోర్డు (రేకుల మీద అడుగు వేసే పలక) లేదు. సాయంత్రానికి పర్మిట్ ఉంది. అప్పట్లో పర్మిట్ పుస్తకంలో అక్కడక్కడా ఒక పేజీ ఖాళీగా వదిలేవాళ్లు, సీరియల్ నంబర్ మాత్రం వేసి. ఎందుకా అని నేను అడిగేవాణ్ని కాదు. ఆ రోజు అర్థమైంది. మేనేజర్ పెన్ను చేతికిచ్చి రాయమన్నాడు. పొద్దున 8:30 టైమ్ వేసి, బెల్టు ఇచ్చామని టిక్కు పెట్టి, సంతకం చేశాను. ఇన్‌స్పెక్టర్ వచ్చి పుస్తకం చూశాడు. బెల్టు పెట్టుకోకపోవడం ఆ మనిషిదే తప్పని తేలింది.

నాకు డాష్‌బోర్డూ వద్దు, పచ్చ రంగూ వద్దు. ఆ ఖాళీ పేజీ ఉండకూడదు. సాఫ్ట్‌వేర్‌లో సాయంత్రం కూర్చుని పొద్దుటి పర్మిట్ పుట్టించలేం. నేను కోరేది అదొక్కటే.

సీషిఫ్ట్ (1:48)
సార్, ఖాళీ పేజీ ఎక్కడికీ పోలేదు. నా లాగినే ఆ ఖాళీ పేజీ.

ఎల్లోహెల్మెట్ (1:55)
...

రూల్‌బుక్ (2:30)
అయితే మనిషికో లాగిన్ ఇవ్వమని అడగాలి గానీ, సాఫ్ట్‌వేరే వద్దంటే ఎలా?

సీషిఫ్ట్ (2:37)
నేను వద్దనలేదు. మొత్తం చదవండి, ఎక్కడా అనలేదు. ఎవరి మీద వాడతారు అంటున్నా.

మేస్త్రిగారబ్బాయి (3:15)
నిన్నటి నుంచి చదువుతున్నా. మా నాన్న లేబర్ సప్లయ్ మేస్త్రి, నేను ఆయన లెక్కలు చూస్తా. మీ ఇద్దరి పేర్లయినా సిస్టమ్‌లో ఉన్నాయి. మా మనుషుల పేర్లు ఉండవు. పర్మిట్‌లో "కాంట్రాక్ట్ మ్యాన్‌పవర్: 6", అంతే. ఆ ఆరుగురూ ఎవరు, పొద్దున వచ్చిన ఆరుగురే మధ్యాహ్నం కూడా ఉన్నారా, ఎవరూ చూడరు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు తర్వాత ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఆ వార్త వచ్చిన రోజు మా నాన్న మస్టర్ పుస్తకం తీసి అందరికీ ఫోన్లు చేశాడు, ఎవరు ఏ ఫ్యాక్టరీలో ఉన్నారో రాసుకోవడానికి.

ఇంకోటి. నియర్ మిస్ యాప్‌లో పెట్టాలంటే ఎంప్లాయ్ ఐడీ కావాలి. మావాళ్లకు గేట్ పాస్ ఉంటుంది, ఐడీ ఉండదు. యాప్ ఇంగ్లిష్‌లో, మనుషులేమో ఒడియా, భోజ్‌పురీ. పాత చట్టంలో గోడమీద నోటీసు కూడా ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని ఉందట కదా.

రూల్‌బుక్ (3:40)
1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్, 2025 నవంబర్‌లో కొత్త కోడ్ వచ్చేదాకా అమల్లో ఉంది. ఇంగ్లిష్‌తో పాటు మెజారిటీ కార్మికులకు అర్థమయ్యే భాష. ఇంకా ముఖ్యమైనది అదే చట్టంలో 41హెచ్ సెక్షన్, భోపాల్ తర్వాత 1987లో చేర్చారు. ప్రాణాపాయం ఉందని అనుమానం వస్తే కార్మికుడే యాజమాన్యానికి చెప్పొచ్చు, ఇన్‌స్పెక్టర్‌కి కూడా తెలపొచ్చు. కాంట్రాక్ట్ మనిషైనా సరే.

మేస్త్రిగారబ్బాయి (3:52)
చెప్పొచ్చు సార్. చెప్పినవాడికి మర్నాడు గేట్ పాస్ రాదు. అది రద్దు చేయడానికి మాత్రం సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

కోడ్‌కూలీ (4:20)
లాగిన్ లేకుండా "పని ఆపండి" అని నొక్కే ఎర్ర బటన్ మా దాంట్లో ఉంది. కొన్న ప్లాంట్లలో సగం మంది దాన్ని ఆఫ్ చేయించుకున్నారు. అల్లరి మూకలు నొక్కుతారట.

జుబైల్‌బస్ (4:31)
2005లో అమెరికాలో, టెక్సాస్ సిటీ ఆయిల్ రిఫైనరీ పేలుడులో 15 మంది పోయారు. అక్కడ కూడా అంతకు ముందు గాయాల లెక్కలు బాగానే ఉండేవి. చదవండి ఎవరైనా.

సాల్వెంట్‌యార్డ్ (సోమవారం, సాయంత్రం 6:45)
అందరికీ థాంక్స్. ఇవాళ మీటింగ్‌లో మూడు అడిగాను: ఎన్ని లాగిన్లు, ఎన్ని ట్యాబ్‌లు, కాంట్రాక్ట్ మనుషుల పేర్లు ఉంటాయా. లాగిన్‌కి ఇంత అని లైసెన్స్ ఫీజు ఉందట, అందుకని మొత్తం 12 కొన్నారు. మాకు షిఫ్టుకు, బ్లాకుకు ఒకటి చొప్పున వస్తుంది. పేర్ల సంగతి రెండో దశలో చూస్తారట.

రూల్‌బుక్ (7:02)
ఒక లాగిన్ ఇద్దరు వాడితే బాధ్యత ఎవరిదో మెయిల్‌లో అడగండి. నోటిమాట వద్దు.

సీషిఫ్ట్ (7:10)
జవాబు వస్తే ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోండి. సస్పెండ్ చేసిన రోజు ముందు మెయిల్ ఐడీనే బ్లాక్ చేస్తారు.

రూల్‌బుక్ (7:14)
దీనికి మాత్రం నేను అడ్డు చెప్పను.