బొమ్మల్ని దిండు గలీబుల మీద అచ్చేసి అమ్మొచ్చా?

పెన్నాతీరం: మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇప్పుడు బొమ్మలు వేస్తున్నవాళ్ళ పనిని గలీబులు, కప్పులు, ట్రేల మీద అచ్చేసి 350కి అమ్మితే తప్పేంటి? అసలు పెయింటింగు వేలు పోసి కొనేవాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది? రవివర్మ 1894లో ప్రెస్సు పెట్టబట్టే ఆయన లక్ష్మి, సరస్వతి మామూలు ఇళ్ళలోకి వచ్చారు.

ఒంగోలు కుంచె: పటం గోడకు పెట్టుకుంటారు. గలీబు మీద కాళ్ళు పెడతారు. పైగా నాలుగు ఉతుకులకే రంగు పోతుంది.

కావలి ప్రింటర్: నూలు మీద సబ్లిమేషన్, అంటే వేడితో రంగు దించే అచ్చు, చేస్తే పోతుంది సార్. ఆ రంగు పట్టేది పాలిస్టర్‌కే. కప్పుకైనా పైన పూత ఉండాలి, సుమారు 200 డిగ్రీల వేడికి రంగు ఆవిరై అందులోకి దిగుతుంది. నూలు కావాలంటే రంగును జిగురుతో బట్టకు అంటించే పిగ్మెంట్ ప్రింట్ చేయాలి.

ఒంగోలు కుంచె: మే నెలలో పాలిస్టర్ మీద తల ఎవరు పెడతారు?

కావలి ప్రింటర్: అది సోఫా దిండు సార్, పడుకునేది కాదు.

ఉదయగిరోడు: మా ఊరి చెక్క గరిటెలు వాడుకునేవే, అవి కళ కాకుండా పోయాయా?

పెన్నాతీరం: కుంచె గారూ, రంగు, ఉతుకు అంటూ తిప్పుతున్నారు గానీ, తక్కువ ధరకు అందరి ఇళ్ళకూ బొమ్మ చేరడమే మీకు ఇష్టం లేదు.

ఒంగోలు కుంచె: ఆ మాట అనకండి. పెన్న ఒడ్డున రంగనాయకుల గాలిగోపురం వేశాను, ఒక దుకాణదారు కొన్నాడు. తర్వాత చుట్టాలింట్లో కాఫీ తెచ్చిన ట్రే మీద చూస్తే అదే బొమ్మ. కొలతకు పట్టలేదని పైన కలశాలు కోసేశారు, కింద మూల నా సంతకం కూడా పోయింది. అడిగితే "బొమ్మ కొన్నాం కదా" అన్నాడు.

కావలి ప్రింటర్: బొమ్మ కొన్నంత మాత్రాన అచ్చేసే హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి, గడువు రాయకపోతే 5 ఏళ్ళే చెల్లుతుంది.

పెన్నాతీరం: అయితే పేరు వేసి, అమ్మినదాంట్లో వాటా ఇస్తే ఒప్పుకుంటారా?

ఒంగోలు కుంచె: బొమ్మ కోయకుంటేనే. ట్రే కొలత ముందే చెప్తే దానికి తగ్గట్టు కొత్తగా వేస్తాను, ఆ పనికి డబ్బు వేరే.

పెన్నాతీరం: అదీ ధరలోనే కలుస్తుంది కదబ్బయ్యా, ఇంక 350కి ఎట్లా ఇచ్చేది?

ఒంగోలు కుంచె: ఖర్చు తగ్గించాలంటే ముందు నా డబ్బే ఎందుకు గుర్తొస్తుంది? ప్రింటింగు వాళ్ళనీ దుకాణం వాళ్ళనీ తగ్గించుకోమని అడిగారా?