కోవిడ్ ఏళ్ల అదనపు మరణాలకు బేస్‌లైన్ ఎలా పెట్టాలి?

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తూ యాక్చువరీ (బీమా రిస్కును లెక్కగట్టే నిపుణుల) పరీక్షలకు చదువుతున్నాను. అదనపు మరణాలు, అంటే మామూలుగా ఉండాల్సిన సంఖ్య (బేస్‌లైన్) కన్నా ఎక్కువైన మరణాలు, లెక్కగట్టే దగ్గర చిక్కుకుపోయాను. తెలిసినవాళ్లు కాస్త దారి చూపండి.

దేశంలో నమోదైన మరణాలు 2019లో సుమారు 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. 2019నే కొలతగా పెట్టుకుంటే పెరిగినదంతా కోవిడ్ ఖాతాలో పడుతుంది. కానీ అంతకుముందు నుంచే మరణాల నమోదు ఏటేటా మెరుగవుతూ వస్తోంది. పైగా లాక్‌డౌన్‌లో నమోదు చేయించుకోవడమే కష్టమైంది. ఇక్కడ చెన్నైలోనే 2020 జూలైలో పాత రికార్డులు సరిచూసి 444 మరణాలను ఒకేసారి కోవిడ్ లెక్కలో కలిపారు. గ్రాఫ్‌లో ఆ రోజు గీత నిటారుగా లేస్తుంది. నిజానికి వాళ్లంతా అంతకు కొన్ని వారాల ముందే పోయారు.

నమోదు మెరుగైన భాగాన్ని, నిజంగా పెరిగిన మరణాలను విడదీయడానికి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ (ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాలను లెక్కించే ప్రభుత్వ సర్వే) రేట్లు వాడొచ్చా? వయసులవారీగా మీరైతే ఎలా చేస్తారు?

ఇంకోటి. బీమా క్లెయిముల్లో నమోదు గొడవ తక్కువే, కానీ పాలసీ తీసుకున్నవాళ్లు మొత్తం జనాభాకు అద్దం పట్టరు. మా సీనియర్ గారు మోర్టాలిటీ ట్రెండ్ (ఏటేటా మరణాల రేటు మారే తీరు) లెక్కలోంచి 2020, 2021 పూర్తిగా తీసేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అంతమంది చనిపోయిన ఏళ్లను లేనట్టే చూస్తే రేపటి ప్రీమియం, రిజర్వులు (క్లెయిముల కోసం పక్కన పెట్టే డబ్బు) తక్కువ పడవా? తక్కువ వెయిట్ ఇచ్చి ఉంచడం మేలా, అరుదుగా వచ్చే షాక్‌గా విడిగా మోడల్ చేయడం మేలా? చేసి చూసినవాళ్లు చెప్పగలరు.