మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలు ఆన్‌లైన్ వేలంలో కొనేటప్పుడు ఏమి చూడాలి?

ప్రశ్న – కావలి సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. మద్రాసు ప్రెసిడెన్సీ దళాలలో పనిచేసిన సిపాయిల పతకాలను సేకరించాలని నా కోరిక. కందుకూరు, కనిగిరి, పొదిలి ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఆ రోజుల్లో మన పల్లెల నుంచి సముద్రాలు దాటి వెళ్లినవారి గుర్తులు మన దగ్గర మిగలకపోవడం నన్ను చాలా బాధిస్తుంది. ఇంగ్లండులో జరిగే ఒక ఆన్‌లైన్ వేలంలో 61వ పయనీర్స్ (దారులు వేస్తూ, కందకాలు తవ్వుతూ యుద్ధం కూడా చేసే దళం) సిపాయికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ ఒకటి కనిపించింది. సిపాయిది నెల్లూరు జిల్లా అని వివరణలో రాసి, అటువంటి పతకాలకు మామూలుగా పలికే ధరకంటే చాలా ఎక్కువ నుంచి పాట మొదలుపెట్టారు. అదే అమ్మకందారు దగ్గర 1907 నమూనా బాయొనెట్ (తుపాకీ మొనకు తగిలించే కత్తి) కూడా ఉంది. ఈ రెండింటికీ పాట పెట్టవచ్చునా?

జవాబు – ఒంగోలు సభ్యుడు

నమస్కారమండీ. ముందుగా ఆ పతకం అంచును చుట్టూ చూపే ఫొటోలు అడగండి. అవి పంపని అమ్మకందారు దగ్గర ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు. బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచుల మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. 1914-15 స్టార్ అనే నక్షత్రాకారపు పతకం మీద అయితే అవి వెనుకవైపు ఉంటాయి. పతకానికి ప్రాణం ఆ ఒక్క వరుసలోనే ఉంది. పాత పేరు అరగదీసి, గిరాకీ ఉన్న దళం పేరు కొత్తగా కొట్టి అమ్మేవాళ్లున్నారు. అంచును అరగదీస్తే అక్కడ వ్యాసం తగ్గుతుంది కాబట్టి, 36 మిల్లీమీటర్ల వ్యాసం ఉండవలసిన పతకాన్ని వెర్నియర్‌తో (సూక్ష్మంగా కొలిచే సాధనం) రెండు మూడు దిక్కుల కొలిచి ఆ కొలతలు తెలియజేయమనండి.

ఇక నెల్లూరు మాట. అంచు మీద ఊరు పేరు ఉండదు, జిల్లా పేరు ఉండదు. అమ్మకందారుకు అది ఎలా తెలిసిందో కాగితంతో చూపమనండి, చూపలేకపోతే ఆ కథకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. యుద్ధంలో చనిపోయిన సిపాయి అయితే మాత్రం ఒక దారి ఉంది: కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో చాలామంది భారతీయ సిపాయిల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా నమోదై ఉన్నాయి. నంబరు, పేరు, దళం మూడూ కలిస్తేనే నమ్మండి, ఎందుకంటే ఒకే పేరున్న సిపాయిలు ఒకే దళంలో ఎందరో ఉండేవారు.

61వ పయనీర్స్ 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర పోరాడిన దళం. ఆ సిపాయి అక్కడికి వెళ్లి ఉంటే అతనికి స్టార్, వార్ మెడల్, విక్టరీ మెడల్ మూడూ రావాలి. వార్ మెడల్ వెండిది కావడంతో, 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశాన్నంటినప్పుడు లెక్కలేనన్ని పతకాలు మూసలోకి పోయాయి, జతలు విడిపోయాయి. అందుకే మిగిలిన ఒక్కటి దొరికినా, పేరు నిజమైనదైతే, దాన్ని కాపాడటం మంచి పని అని నా అభిప్రాయం.

జవాబు – గూడూరు సభ్యుడు

బాయొనెట్ జోలికి వెళ్లకండి. 1907 నమూనా బాయొనెట్ అలుగు 17 అంగుళాల పొడవుంటుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాన్ని విదేశాల నుంచి దిగుమతి చేసుకోవడం నేరం. పురాతన వస్తువని చెప్పినంత మాత్రాన కస్టమ్స్ వారు వదిలిపెట్టరు.

పతకం విషయంలో ఖర్చు ముందే లెక్క వేసుకోండి. పాట ఆగిన ధర మీద వేలం సంస్థ కమీషన్ వేస్తుంది, ఆ తరువాత తపాలా, బీమా. ఇవన్నీ కలిపిన విలువ మీద ఇక్కడ సుంకం, పన్ను పడతాయి. మరొక ముఖ్యమైన సంగతి: 1972 పురావస్తు చట్టం కింద వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును మామూలు మనుషులు దేశం దాటించడానికి వీలులేదు, కనుక నచ్చకపోతే తిరిగి పంపవచ్చులే అనుకుని పాట పెట్టకండి.

కావలి సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బాయొనెట్ ఆలోచన విరమించుకున్నాను. అమ్మకందారు పంపిన అంచు ఫొటోలలో అక్షరాలు ఒకే లోతులో, స్పష్టంగా ఉన్నాయి. నెల్లూరు మాటకు మాత్రం ఆధారం చూపలేదు. పయనీర్స్ పతకంగానే విలువ కట్టి, అంతవరకే పాడతాను. వస్తే ఎలా భద్రపరచాలి?

జవాబు – ఒంగోలు సభ్యుడు

ఇంట్లో ఎవరూ చింతపండుతో గానీ పాలిష్‌తో గానీ తోమకుండా చూడండి. అంచు మీది అక్షరాలు అరిగిపోతే పతకం విలువ తిరిగి రాదు. మన సముద్రతీరపు ఉప్పు గాలిలో వెండి త్వరగా నల్లబడుతుంది, ఆ నలుపును అలాగే ఉండనివ్వండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, గాలి చొరబడని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వానకాలం ముందు ఆ పొట్లాలు మార్చండి. రిబ్బన్ పాతదైతే చిరిగినా తీసివేయకండి.