మా స్థలంలోని వాగులో చెట్లు తెచ్చి వేస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా? (ఆరెగాన్)

వెర్నోనియా_వాగు:
అందరికీ నమస్కారం. మేం ఉండేది హిల్స్‌బరోలో. ఈమధ్యే వెర్నోనియా వైపు కొంచెం అడవి స్థలం కొన్నాం. దాని మధ్యలోంచి ఒక వాగు పారుతుంది, కిందికి పోయి నెహాలెం నదిలో కలుస్తుంది. వెడల్పు 20 అడుగులు ఉంటుందేమో, ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండదు.

పోయిన వారం ఇక్కడి వాటర్‌షెడ్ కౌన్సిల్ (వాగులూ నదులూ బాగుచేసే స్థానిక సంఘం) వాళ్ళు వచ్చి మాట్లాడారు. పై కొండ మీద అడవిని పలచన చేయడానికి కొన్ని డగ్లస్ ఫర్ చెట్లు తీస్తున్నారట, వాటిలో కొన్నిటిని వేర్లతో సహా పెకిలించి తెచ్చి మా వాగులోనూ పక్కనున్న పల్లంలోనూ అడ్డదిడ్డంగా వేస్తారట. కోహో సాల్మన్ చేపల కోసం అంటున్నారు. మాకు పైసా ఖర్చు లేదు, సంతకం చాలు అన్నారు.

మా నాన్నగారు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. ఆయనది కోనసీమ, వరద గురించి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాగుకు అడ్డంగా ఏది పడినా ముందు తీసి పారెయ్యాలి గానీ, ఎదురు మనమే తెచ్చి వేయడమేంటిరా అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే వెర్నోనియా ఊరు 1996లో ఒకసారి, 2007 డిసెంబర్‌లో ఇంకోసారి మునిగింది. పైగా మా ఇంటికి వెళ్ళే దారి కింద ఒక పాత కల్వర్టు ఉంది, దుంగలు కొట్టుకొచ్చి దానికి అడ్డం పడితే దారి పోయినట్టే. ఇంకో మాట కూడా అడగాలి, చేపల కోసం బతికున్న చెట్లు కొట్టడం సబబేనా? ఇలాంటివి దగ్గరగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

సేలం_సివిల్:
నేను హైడ్రాలిక్స్ పనిలో ఉన్నాను, మీరు చెప్పిన ప్రాజెక్ట్‌తో నాకు సంబంధం లేదు. నాన్నగారి మాట కొట్టిపారేసేది కాదు, ఇక్కడి ప్రభుత్వ శాఖలే చాలాకాలం అచ్చం అలాగే అనుకున్నాయి. 1950ల నుంచి 1970ల దాకా, కొన్ని చోట్ల ఆ తర్వాత కూడా, వాగుల్లో పడిన చెట్లు చేపల దారికి అడ్డమని చెప్పి మనుషుల్ని పెట్టి మరీ తీయించారు. అంతకు ముందు కలప కంపెనీలు చేసింది ఇంకా ఘోరం. వాగుకు అడ్డంగా చెక్క ఆనకట్ట కట్టి, నీళ్ళూ దుంగలూ నిండాక ఒక్కసారిగా తలుపు వదిలేవాళ్ళు, ఆ ఉధృతికి దుంగలు మిల్లు దాకా కొట్టుకుపోయేవి. 1880ల నుంచి 1950ల దాకా ఈ తీరంలో చాలా వాగుల్లో ఇదే తంతు. ఆ దెబ్బకి గులకరాయి మొత్తం ఊడ్చుకుపోయి అడుగున ఉత్త బండ మిగిలింది, కొన్ని చోట్ల ఇప్పటికీ సిమెంటు గచ్చులా ఉంటుంది. ఒకసారి వెళ్ళి మీ వాగు అడుగు చూడండి. బండ కనిపిస్తే మీ దగ్గర జరిగిందీ బహుశా అలాంటిదే.

గులక లేకపోతే సాల్మన్ గుడ్లు పెట్టలేదు. ఆడ చేప తోకతో గులకను తవ్వి, గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి మళ్ళీ గులకతోనే కప్పుతుంది, బండ మీద ఆ పని కుదరదు కదా. ఇప్పుడు మాను అడ్డం పడితే ఏమవుతుందో చూడండి. దాని వెనక నీళ్ళు నెమ్మదిస్తాయి, కొండ మీంచి కొట్టుకొచ్చే గులక అక్కడ ఆగుతుంది. మాను కిందా పక్కలా నీళ్ళు సుడి తిరిగి మడుగు తవ్వుతాయి. మట్టం కాస్త లేచి పక్క పల్లంలోకి పాయలు చీలతాయి. గులక పొరలోకి దిగిన నీళ్ళు కొంత దూరం పోయి చల్లగా బయటికి వస్తాయి. సాల్మన్ పిల్లలు పెరిగే వాగుల్లో నీళ్ళు 18 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని ఆరెగాన్ ప్రమాణం, ఎండాకాలంలో చాలా వాగులు దాన్ని దాటేస్తున్నాయి. కాబట్టి ఆ చల్లదనం చిన్న విషయం కాదు.

ఇక వరద. దుంగలు వేసిన చోట నీటి మట్టం పెరుగుతుంది. ఎవరైనా పెరగదని చెబితే నమ్మకండి, అక్కడ నీళ్ళు గట్టు దాటి పల్లంలోకి పోవాలనే ఈ పనంతా. అసలు ప్రశ్న ఆ పల్లంలో ఏముంది అన్నదే. గడ్డీ ఆల్డర్ చెట్లూ తప్ప ఏమీ లేకపోతే భయం లేదు. ఇల్లు, బావి, సెప్టిక్ ట్యాంక్ ఉంటే మాత్రం డిజైన్ మార్చమనాలి. వెర్నోనియా ఊరు రాక్ క్రీక్ వచ్చి నెహాలెంలో కలిసే చోట, వరద పారే నేల మీదే ఉంది, అందుకే మునిగింది. పై వాగుల్లో నీళ్ళు కాసేపు పల్లాల్లో ఆగితే కిందివాళ్ళకు కొంచెం మేలే గానీ, మీ ఒక్క వాగు వల్ల ఊరు మునిగేదీ ఉండదు, తేలేదీ ఉండదు.

యూజీన్_అమ్మాయి:
చెట్లు కొట్టడం గురించి నేను చెప్తాను. నేను ఇక్కడ చేపలు లెక్కపెట్టే వాలంటీర్ల బృందంతో పోతుంటాను, మొదట్లో నాకూ ఇదే బాధగా ఉండేది. మీ కొండ మీద ఉన్నది సహజమైన అడవి కాదు. ఒకప్పటి మహావృక్షాలు మొత్తం నరికేశాక ఒకేసారి ఒత్తుగా నాటిన డగ్లస్ ఫర్ తోట అది. ఒకదాన్నొకటి ఎదగనివ్వవు, అందుకే పలచన చేస్తారు. ఆ చెట్టు మిల్లుకైనా పోవాలి, వాగుకైనా రావాలి. పెద్ద చెట్టు దానంతటది ఒరిగి వాగులో పడాలంటే ఇప్పుడు ఒడ్డున ఉన్నవి ముసలివి కావాలి, దానికి నూరేళ్ళ పైమాటే. అందాకా కోహోలు ఆగలేవు. ఆరెగాన్ తీరపు కోహోను 1998లో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో పెట్టారు, మధ్యలో కోర్టు గొడవలు నడిచాయి, ఇప్పటికీ జాబితాలోనే ఉంది.

కోహోకే ఇంత అవసరం ఎందుకంటే, దాని పిల్ల ఏడాదికి పైగా వాగులోనే బతకాలి. శీతాకాలం వరదలో వేలెడంత పిల్ల, చాటు లేకపోతే సముద్రం దాకా కొట్టుకుపోయి చస్తుంది. ఒక ఆగస్టులో కొత్తగా వేసిన మాను కింద మాస్క్ పెట్టుకుని తల ముంచి చూశాను. వేళ్ళ గడ్డ సందుల్లో ఎండాకులు ముద్దగా ఇరుక్కుని ఉన్నాయి, వాటి మీద ఇసుక రవ్వలతో గొట్టం కట్టుకున్న పురుగులు పాకుతున్నాయి, ఆ వెనక నీడలో పిల్లలు వరసగా ప్రవాహానికి ఎదురు నిలబడి ఉన్నాయి, ఒంటి మీద నిలువు చారలు, రెక్కల అంచున తెల్లటి గీత. ఏదో ఒకటి కొట్టుకొస్తే ముందున్నది ఒక్క అడుగు వేసినట్టు వచ్చి నోట కరుచుకుని మళ్ళీ తన చోటికే పోతుంది. అదే వాగులో పది గజాలు ఎగువన ఉత్త బండ మీద ఒక్కటి లేదు.

తీరంలోనే ఆల్సీ, నెస్టక్కా నదుల ఉపవాగుల్లో దుంగలు వేసి, పక్కన మడుగులు తవ్వి, అలా చేయని వాగులతో పోల్చి చూశారు. చేసిన చోట శీతాకాలం గట్టెక్కిన కోహో పిల్లలు బాగా పెరిగాయి. కాబట్టి ఇది ఊరికే అనుకునే మాట కాదు.

టకోమా_తమ్ముడు:
నాది కొంచెం వేరే మాట. సంతకం పెట్టండి, కానీ వెంటనే వద్దు. మా బంధువుల స్థలంలో ఇలాగే వేశారు, మొదటి శీతాకాలమే రెండు మాన్లు జరిగి నీళ్ళు అవతలి ఒడ్డు మీదికి మళ్ళాయి, కంచె ఉన్న గట్టు కోసుకుపోయింది. అడిగితే వాగన్నాక కదులుతుంది అన్నారు. నిజమే, కదులుతుంది, ఆ మాట ముందే చెప్పి కాగితం మీద రాసి ఉంటే కంచె వెనక్కి వేసుకునేవాళ్ళు కదా. ఎవరి స్థలంలో ఏది పోతే ఎవరు బాగుచేస్తారో రాయించుకోవాలి.

ఇంకోటి, మాను పొడవు అడగండి. వేళ్ళ గడ్డతో ఉన్నదైతే వాగు నిండుగా పారేటప్పటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు, వేర్లు లేనిదైతే రెండు రెట్లు ఉండాలని ఆరెగాన్ శాఖల గైడ్‌లోనే ఉంది. మీ వాగు నిజంగా 20 అడుగులైతే వేర్లతో 30, లేకపోతే 40 అడుగులు. అంతకన్నా పొట్టివి తెస్తే మొదటి పెద్ద వానకే కిందికి వచ్చేస్తాయి. వెనకటికి స్టీలు కేబుళ్ళతో కట్టేసేవాళ్ళు, ఇప్పుడు చాలామంది ఒప్పుకోరు, ఒడ్డున బతికున్న చెట్ల మధ్య ఇరికించి నిలబెడతారు. వంతెనలూ ఇళ్ళూ దగ్గరగా ఉన్న పెద్ద నదుల్లో మాత్రం నేలలో పాతిన స్తంభాలతో ఇంజనీర్లు లెక్కకట్టి దుంగల కట్టలు కడతారు. మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీద లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్ళు అలాంటివి చాలా కట్టారు, 2011 నుంచి 2014 మధ్య అక్కడి రెండు డ్యాములూ తీసేశాక కిందికి దిగిన ఇసుకా గులకా పట్టి నిలపడానికి అవి బాగా పనికొచ్చాయి.

చేపలు కచ్చితంగా పెరుగుతాయని కూడా లెక్క వేసుకోకండి. సముద్రంలో తిండి దొరకని ఏడాది వాగు ఎంత బాగున్నా తిరిగొచ్చేవి తగ్గుతాయి.

వెర్నోనియా_వాగు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం నాన్నగారూ నేనూ వాగులో దిగి చూశాం, సివిల్ గారు చెప్పినట్టే మా స్థలంలో సగానికి పైగా బండే, గులక ఒక్క వంపు దగ్గర మాత్రం ఉంది. పల్లంలో ఇల్లు లేదు, బావి కూడా ఎత్తు మీద ఉంది. ఇక మిగిలింది కల్వర్టు ఒక్కటే. అది ఇనప గొట్టం, కింది చివర నీళ్ళు రెండడుగుల ఎత్తు నుంచి దూకుతున్నాయి.

యూజీన్ గారు రాసింది చదివి వినిపిస్తే నాన్నగారు, అయితే ఇది మన పులస లాంటిదేనన్నమాట అన్నారు. వరద నీటికి సముద్రం నుంచి గోదావరి ఎక్కుతుంది కదా అని. నిజంగా రెండూ ఒకటేనా?

సేలం_సివిల్:
నాన్నగారు సరిగ్గా పట్టుకున్నారు. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లకు మంచినీళ్ళలోకి ఎదురీదే చేపలే. తేడా ఏంటంటే కోహో మూడో ఏట వచ్చి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, ఆ కళేబరాలే వాగుకూ ఒడ్డున చెట్లకూ ఎరువు. పులస బతికితే మళ్ళీ సముద్రానికి పోతుంది. పులస దారి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ అదే పరిస్థితి. మీ ఇనప గొట్టం ఆ పనే చిన్న ఎత్తున చేస్తోంది. పెద్ద కోహో రెండడుగులు ఎగరొచ్చు, ఎగరడానికి కింద లోతు మడుగు ఉంటే. ఎండాకాలం చల్లటి నీళ్ళు వెతుక్కుంటూ పైకి పోయే వేలెడు పిల్లకు మాత్రం అక్కడితో దారి మూసుకున్నట్టే.

అందుకని మీరు అడగాల్సింది ఇది. దుంగలతో పాటు ఆ కల్వర్టు తీసేసి చిన్న వంతెన వేయించమనండి, లేదా వాగు అడుగు లోపలిదాకా పరుచుకునే వెడల్పాటి కల్వర్టు అయినా. వాటర్‌షెడ్ కౌన్సిళ్ళు ఈ పని తరచూ చేస్తాయి. రాష్ట్ర లాటరీ డబ్బులో 15 శాతం పార్కులకూ సాల్మన్ వాగులకూ పోవాలని 1998లో ఓటర్లు ఒప్పుకున్నారు, ఇలాంటి గ్రాంట్లలో చాలావరకు అందులోంచే వస్తాయి. పాత గొట్టాన్ని అలాగే ఉంచి దానికి ఎగువన దుంగలు వేస్తామంటే నేనైతే సంతకం పెట్టను. ముందు కల్వర్టు, తర్వాత దుంగలు. ఈ తీరంలో చాలా వాగుల్లో మెషీన్ దించడానికి జులై 1 నుంచి సెప్టెంబర్ 15 దాకానే అనుమతి, గుడ్లూ పెద్ద చేపలూ లేని కాలం అది. గ్రాంటుకూ పర్మిట్లకూ టైమ్ పడుతుంది, కాబట్టి ఈ ఎండాకాలానికి కుదరకపోయినా తొందరపడకండి. మీ స్థలం ఫీమా (కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాపులో వరద ప్రాంతంగా ఉంటే కౌంటీ పర్మిట్ కూడా కావాలి, అది వాళ్ళే తెస్తారో మీరు తేవాలో అడిగి పెట్టుకోండి.

వెర్నోనియా_వాగు:
ఇది మాకు అసలు తట్టలేదు. గురువారం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు, కల్వర్టు మాటే ముందు ఎత్తుతాను, గట్టు కోసుకుపోతే ఏంటన్నది కాగితం మీద రాయిస్తాను. చివరగా ఒక్కటి, వేసిన దుంగలు ఎన్నాళ్ళుంటాయి? పుచ్చిపోయాక మళ్ళీ వేయాలా? కొంత కలప చలిమంటకు తీసుకోవచ్చా అని మా ఆవిడ అడుగుతోంది.

యూజీన్_అమ్మాయి:
అక్కకి చెప్పండి, ఆ కలప మాత్రం ముట్టుకోవద్దు, ఒప్పందంలో సాధారణంగా ఆ షరతు ఉంటుంది. ఆల్డర్ అయితే కొన్నేళ్ళకే పుచ్చిపోతుంది. డగ్లస్ ఫర్ పెద్ద మాను దశాబ్దాలు నిలుస్తుంది, రెడ్ సీడార్ ఇంకా ఎక్కువ. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే భాగం చాలా నెమ్మదిగా చెడుతుంది, తడిసి ఆరి తడిసి ఆరే భాగమే ముందు పోతుంది. అవి పోయేలోపు ఒడ్డున కొత్తవి ఎదగాలి, అందుకని వాళ్ళతో సీడార్ మొక్కలు నాటించండి, ఒక్కోదాని చుట్టూ వలతో, లేకపోతే జింకలూ ఎల్కులూ మొదటి ఏడాదే కొరికేస్తాయి. మడుగులు పడ్డాక చెట్లు కొరికే బీవర్లు కూడా రావచ్చు, వస్తే మంచిదే, అవి కట్టే అడ్డుకట్టల వెనక కోహో పిల్లలు ఇంకా బాగా పెరుగుతాయి. ఇంటి దగ్గర పళ్ళ చెట్లుంటే మాత్రం మొదళ్ళకి ఇప్పుడే గట్టి ఇనప జాలీ చుట్టేయండి.